మంద దారికి రాళ్లు పేర్చిన బాపు

తెరిచి వదిలేసిన దేన్నీ చూస్తూ ఊరుకోలేని మనిషి ఆయన. మంచినీళ్ల క్యాను మూత, జీపు తలుపు, నా పెన్సిళ్ల డబ్బా, ఏది నోరు తెరుచుకుని కనబడినా చేస్తున్న పని ఆపి, వచ్చి మూసి, మళ్లీ వెళ్లి పనిలో పడేవాడు. టీ తాగుతున్నప్పుడు నెత్తిమీదుగా విమానం దిగితే గ్లాసు మీద అరచెయ్యి కప్పేవాడు. "అంత ఎత్తు నుంచి ఏం రాలుతుంది బాపూ?" అని అడిగితే, "ఏమో బిడ్డా, గంత పెద్దది పోతుంటె ఏదన్న రాలదా?" అనేవాడు. శంషాబాదులో విమానాలకు కొదవా? ఆయన ఒక టీ తాగేసరికి మిగతావాళ్లు రెండు తట్టల మట్టి మోసేవాళ్లు.

మొన్న పొద్దున ఆయన కోడలు పాల్మాకుల నుంచి ఫోన్ చేసింది. "మామ పోయిండక్కా. నిన్న పొద్దుగూకంగ. ఏం గోసపడలే. గోడకు ఒరిగి కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఫోను పెట్టేసి తల తిప్పితే వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి ఉంది. లేచి వెళ్లి మూశాను. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆయన గురించి రాయాలని నాలుగేళ్ల నుంచీ అనుకుంటున్నాను. రాయలేకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఆయన గురించి నిజం రాయాలంటే నా గురించి కూడా రాయాలి, అది అంత గొప్పగా ఉండదు.

2010లో నేనొక పురావస్తు తవ్వకాల జట్టులో బొమ్మలు గీసేదాన్ని. బొమ్మలంటే దేవుళ్ల బొమ్మలు కావు. మట్టి తీశాక బయటపడిన ప్రతి రాయినీ కొలిచి, ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా, గ్రాఫు కాగితం మీదికి ఎక్కించాలి. దారాలు గళ్లుగళ్లుగా కట్టిన చెక్క చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని రాళ్ల మీద పరిచి, ఒక్కో గడిలో ఏముందో కాగితం మీద ఒక్కో గడిలో గీయాలి. ఇంత చాదస్తం ఎందుకంటే, ఒకసారి తవ్వినదాన్ని మళ్లీ తవ్వలేం. రాయి కదిలితే ఇక కాగితమే సాక్ష్యం. ఉద్యోగంలో చేరిన రోజే, మేమంతా సారు అని పిలిచే మా డైరెక్టరు గారు ఈ మాట చెప్పారు. ఆయనా మా వైపు మనిషే, కృష్ణ ఒడ్డువాడు. తట్ట మోసే కూలీని కూడా 'మీరు' అనేవారు. కోపం వస్తే ఇంకాస్త గట్టిగా 'మీరు' అనేవారు.

పాల్మాకులకూ తొండుపల్లికీ మధ్య ఒక బీడు వాలు ఉండేది. అక్కడ గోదాములు కడతారని, వానలు పడే లోపు తవ్వి చూసుకోమని మాకు గడువిచ్చారు. జానెడు మట్టి తీసేసరికి రాళ్ల వరుసలు బయటపడ్డాయి. మోకాలెత్తు గోడలు. ఒకదాని పక్కన ఒకటి మూడు ఆవరణలు. కాకతీయుల నాటివని సారు అనుకున్న కుండపెంకులు దొరికాయి. సారు మొహం వెలిగిపోయింది. కూలీలందరినీ నిలబెట్టి, ఇది ఒక చిన్న కోట కావచ్చు, ఇవి దాని ప్రాకారాలు కావచ్చు, జాగ్రత్తగా తవ్వాలి అని చెప్పారు.

అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన ముందుకొచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. గోడ ఆయన మోకాలికి తగిలింది.

"గీ గోడ దాటనీకి దొంగకేం తకలీఫ్ సారూ?" అన్నాడు. "గొర్రె దాటదు. గంతే."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు, కసురుకోనూ లేదు. "పరిశీలిద్దామండీ" అన్నారు. నేను మాత్రం, ఈ ముసలాయన నోటి దురుసు చూడు అనుకున్నాను. అదీ మా మొదటి పరిచయం. అందరూ బాపూ అని పిలుస్తుంటే వారం తిరగకముందే నేనూ బాపూ అనడం మొదలుపెట్టాను.

ఆయన గొర్ల కాపరి. కాపరిగా ఉండేవాడు అనాలేమో. ఎయిర్‌పోర్టుకు కంచె వేశాక మేపే చోటు లేక మందను అమ్మేశాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మా దగ్గరే తట్ట మోసే ఆయన కోడలు చెప్పింది. ఆయన చెప్పినదల్లా, "గొర్లను నేనిడిసిన గని గొర్లు నన్నిడుస్తలెవ్వు" అని ఒక్క మాట. అది నిజమే. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ చెట్ల కింద చెల్లాచెదురుగా నడుం వాల్చేవాళ్లు. పని వేళకు ఈయన లేచి నాలుకతో టుర్రుమని శబ్దం చేసేవాడు. ఇరవైమంది మనుషులు ఎందుకు లేస్తున్నారో తెలియకుండానే లేచి వచ్చేవాళ్లు. ఒకరోజు సారు కూడా లేచొచ్చారు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

రాయి ఎత్తాలంటే ముందు దాని మీద రెండుసార్లు తట్టేవాడు. "తేలుంటది బిడ్డా. జెర చెప్పి తియ్యాలె" అనేవాడు. గోడ మీద ఎవరైనా కూర్చుంటే ఊరుకునేవాడు కాదు. "కట్టినోని మెడమీద కూసున్నట్టే" అని లేపేవాడు. నన్ను కూడా లేపాడు. నాకు ఒళ్లు మండింది. గోడల గురించి చదువుకున్నది నేను కదా మరి.

నేను గీస్తుంటే మాత్రం వచ్చి పక్కన గొంతుక్కూర్చుని చూసేవాడు. మాట్లాడేవాడు కాదు. కాగితం వంక, రాళ్ల వంక, మళ్లీ కాగితం వంక. ఒకసారి నేను వదిలేసిన చిన్న రాయిని వేలుతో చూపించాడు. "గిది మర్సినవ్." నిజంగానే మరిచాను. అక్షరం రాని మనిషి నా ప్లాను చదువుతున్నాడని అప్పుడు అర్థమై కాస్త బెదిరాను.

మేలో ఒక శనివారం, నడిమి ఆవరణ గోడలో ఒక సందు బయటపడింది. రెండు గజాలకు తక్కువ వెడల్పు. అక్కడ గోడ లేదు. దాని పక్కనే, పాత నేలలో సగం దిగబడి, కొన్ని రాళ్లు పరిచినట్టుగా ఉన్నాయి. అక్కడ గోడ కూలిందా, లేక కట్టినవాళ్లే దారి వదిలారా అన్నది పెద్ద ప్రశ్న. కూలితే అది ఒట్టి శిథిలం. దారైతే, ఆ దారిలో ఏం నడిచిందో, ఈ గోడలు దేనికో చెప్పొచ్చు. ఆ రోజు సారు కెమెరా తీసుకుని సిటీకి వెళ్తూ, "ముందు మీరు ఆ రాళ్లు గీసేయండమ్మా. ఫొటో సోమవారం తీద్దాం" అని నాకు అప్పగించి వెళ్లారు.

నేను గీయలేదు.

ఏదో ఘనకార్యం ఉండి కాదు. రాజేంద్రనగర్లో నా అద్దె గదికి ఊరి నుంచి పిన్ని కూతురు వస్తోంది. ఎండ మాడు పగలగొడుతోంది. సోమవారం పొద్దున్నే వచ్చి గంటలో గీసేద్దాం, ఆ రాళ్లెక్కడికి పోతాయి అనుకున్నాను. ఎనిమిది వందల ఏళ్లు కదలనివి రెండు రోజుల్లో కదులుతాయా? పెన్సిలు చెక్కి, చెక్కిన పెన్సిలు సంచిలో వేసుకుని, రోజూ రాసే డైరీలో మాత్రం "సందు పక్క రాళ్లు గీయడమైనది" అని రాసి పెట్టాను. ఎలాగూ గీస్తాను కదా అని.

ఆదివారం పొద్దున ఒక జల్లు పడింది. సాయంత్రం ఎవరివో బర్రెలు పచ్చిక వాసనకు అటు మళ్లాయి. పనిలేని రోజుల్లో కూడా బాపు ఆ పక్కకు వచ్చి ఒకసారి చూసి వెళ్లేవాడు. ఆయన వచ్చేసరికి ఆరు బర్రెలు ఆ సందులోంచి ఆవరణలోకి జొరబడుతున్నాయి. తరిమేశాడు. తరిమితే మళ్లీ వస్తాయి. అప్పుడు ఆయన, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాంటి చోట ఏం చేస్తూ వచ్చాడో అదే చేశాడు. పక్కనున్న రాళ్లు తీసి సందు మూసేశాడు.

సోమవారం మేమందరం వచ్చి చూస్తే గోడ నిండుగా ఉంది. ఎంత బాగా పేర్చాడంటే, ఎక్కడ పాత గోడ ఆగిందో ఎక్కడ కొత్త గోడ మొదలైందో ఒక్క క్షణం నాకే తెలియలేదు.

సారు మొహం తెల్లబోయింది. "ఎవరు చేశారిది?"

"నేనే సారూ" అన్నాడు బాపు. ఆ గొంతులో కొంచెం మెప్పు కోసం చూస్తున్నట్టు కూడా ఉంది. "బర్లు జొరబడ్డయి. ఇంకో గడియ ఆగితే గుంటలన్ని తొక్కి ఆగం జేస్తుండె."

"రాయి కదపకూడదని మీకు ఎన్నిసార్లు చెప్పానండీ?" అంటూ సారు నా వైపు తిరిగారు. చేతిలో డైరీ ఉంది. "మీరు శనివారం గీశారు కదమ్మా?"

ఆ రెండు క్షణాలు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. బాపు నావంకే చూస్తున్నాడు.

"గీశానండీ. కాగితం గదిలో ఉంది" అన్నాను.

"బతికించారు" అన్నారు సారు. ఊపిరి తీసుకుని, "సరే, ఆ బొమ్మ చూసి మనమే రాళ్లు తిరిగి పెట్టుకుందాం. మీరు రేపటి నుంచి రావద్దండీ" అన్నారు బాపుతో.

నేను గీయలేదని చెప్పి ఉంటే, ఆ రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసిన ఒకే ఒక్క మనిషిని సారు పంపించేవారే కాదు. నా అబద్ధమే ఆయన్ని పంపించింది. ఈ సంగతి నాకు తరవాత తట్టింది కాదు. అప్పుడే, అక్కడే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, పోతే మళ్లీ దొరకదు అనే భయం తప్ప ఆ నిమిషంలో నాలో ఇంకేం లేదు.

బాపు చేతులు కడుక్కున్నాడు. నీళ్ల క్యాను మూత బిగించాడు. గొంగడి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోడలు తట్ట కింద పడేసి ఆయన వెనకే నాలుగడుగులు వేసింది. ఆయన చేత్తోనే, నువ్వు ఉండు అన్నాడు.

ఆ సాయంత్రం గదికి వెళ్లాల్సినదాన్ని ఆటో ఎక్కి పాల్మాకుల వెళ్లాను. ఆయన ఇంటి ముందు కూర్చుని ఖాళీ గొర్ల దడికి తాడు బిగిస్తున్నాడు. ఒక్క గొర్రె లేని దడి అది. నన్ను చూసి లేచాడు. తప్పు ఒప్పుకోవడానికే వెళ్లాను. ఒప్పుకోలేకపోయాను. "బాపూ, బొమ్మతో సరిచూసుకోవాలి. ఏ రాయి ఎక్కడుందో మీకు గుర్తుందా?" అన్నాను. అబద్ధం మీద ఇంకో అబద్ధం.

ఆయన కాసేపు నా మొహం చూశాడు. "ఎరుకే. రేపు తెల్లారంగనే రా బిడ్డా. సారు రాకముందే పెడ్దం" అన్నాడు.

మర్నాడు ఆరింటికి ఇద్దరం సందు దగ్గరున్నాం. ఆయన గోడ పైనుంచి ఒక చిన్న రాయి తీసి, రెండుసార్లు తట్టి, అటూ ఇటూ చూడకుండా వెళ్లి నేల మీద ఒక చోట పెట్టాడు. రాయి సరిగ్గా తన గుంటలో కూర్చుంది. బూడిదలోంచి కుండ ఎత్తితే కుండ అడుగు ఆకారం మిగిలినట్టు, ఆదివారం జల్లుకు మెత్తబడ్డ నేలలో ప్రతి రాయి ఆకారమూ మిగిలే ఉంది. చట్రం పరిచి గీయడం మొదలుపెట్టాను. ఆయన పెడుతున్నాడు, నేను గీస్తున్నాను. ఇరవై మూడు రాళ్లు ఇరవై మూడు గుంటల్లో కూర్చున్నాయి. చేతిలో ఇంకో రాయి మిగిలింది.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. కొంచెం సిగ్గుపడ్డాడు. "ఇది గీడిది గాదు బిడ్డా. నేనే గట్టుమీదికెళ్లి తెచ్చిన. ఒక్కటి తక్కువ పడ్డది" అన్నాడు.

ఇద్దరం నవ్వుతుండగానే వెనక నుంచి "ఏం చేస్తున్నారండీ?" అని వినపడింది. సారు ఆ రోజు పెందలాడే వచ్చారు. వద్దన్న మనిషి గుంటలో ఉన్నాడు. శనివారమే గీసేశానన్నదాన్ని చట్రం పరిచి గీస్తూ కూర్చున్నాను. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను.

"నేనే పిలిచిన సారూ ఈ బిడ్డను" అన్నాడు బాపు. "నా తప్పు నేనే సక్కజేస్తనని. ఆమె సరి సూసుకుంటున్నది."

సారు ఏదో అనబోయి నేల వైపు చూశారు. గుంటల్లో కూర్చున్న రాళ్లు చూశారు. మెల్లగా ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నారు. చిన్న రాళ్లన్నీ దూరంగా ఉన్నాయి. మధ్యరకం వాటికి ఇవతల. పెద్దవి సందుకు ఆనుకుని.

"ఇవి ఇలా వరుసగా ఎందుకున్నాయండీ?" అని అడిగారు. ఆ ప్రశ్న తనకే అన్నట్టు.

"కూలితే గిట్ల పడవు సారూ" అన్నాడు బాపు. "ఇది పొద్దుగాల తెరిసి, పొద్దుగూకినంక మూసే దారి. తెరిసెటోడు పైన చిన్నయి ముందుగాల తీస్తడు, దూరం బెడ్తడు. పెద్దయి ఆఖరుకు తీస్తడు. అప్పటికి అలుస్తడు గద, సందు పక్కనే ఇడుస్తడు. మల్ల మూసేటప్పుడు పెద్దయే ముందుగాల కావాలె. గవి దగ్గర్నే ఉంటయి. మొన్న ఐతారం నేను ఎతుకలే సారూ. చెయ్యి చాపితే రాయి అందింది. నా మందకు నేను పెట్టుకున్నట్టే ఉండె."

కోతలయ్యాక రైతులు కాపరులను పిలిచి పొలంలో మంద పెట్టించుకోవడం, ఆ ఎరువుతో మళ్లీ పంట వేయడం మా వైపూ ఉంది, అందరికీ తెలిసిందే. తెలిసినదాన్నే మేము కోట చేయబోయాం. ఇవి పొలాలు. చుట్టూ ఏరిన రాళ్లతో గోడలు. పంట ఉన్నప్పుడు గొర్లు లోపలికి రాకుండా, పంట లేనప్పుడు బయటికి పోకుండా.

"అంటే, చివరిసారి తెరిచినవాడు మళ్లీ మూయలేదన్నమాట" అన్నారు సారు.

బాపు తుండుతో మెడ తుడుచుకున్నాడు. "తోలుకపోయిండు. మల్ల రాలే" అన్నాడు. కాసేపు ఎయిర్‌పోర్టు కంచె వైపు చూసి, "మంచిగనే ఉండి ఉంటడు సారూ. గొర్లున్నోడు యాడనన్న బతుకుతడు" అన్నాడు.

సారు నన్ను శనివారం బొమ్మ అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అడగలేదు. బాపు మధ్యాహ్నం మామూలుగానే టుర్రుమన్నాడు, అందరం లేచి వచ్చాం.

మిగతా రెండు ఆవరణల్లోనూ సందు ఎక్కడుందో ఇంకా బయటపడలేదు. సారు ఆయన్నే నడిపించారు. ఆయన గోడ వెంబడి నడిచి, ఆగి, ఎండ చూసి, వాలు చూసి, ఒక చోట నిలబడి, "నేనైతే గీడ పెట్టుకుంటుంటి" అన్నాడు. అక్కడ తవ్వాం. మొదటిచోట ఏమీ లేదు, ఉత్త గోడ. ఆయన నాలుక్కరుచుకున్నాడు. "ఆయనకు నాకంటె తెలివుండె" అని నాలుగడుగులు కిందికి జరిగాడు. అక్కడ సందు ఉంది. పక్కనే చిన్నవి దూరంగా, పెద్దవి దగ్గరగా, రాళ్లు ఉన్నాయి. కూలీలందరూ ఆయన చుట్టూ చేరారు. నేనైతే చట్రం వదిలి చప్పట్లు కొట్టాను. మూడోదాంట్లో ఒక్క దెబ్బకే చెప్పాడు. కోట అయితే బాగుండేదని సారు ఒక్కసారైనా అనుకున్నారేమో తెలీదు గాని, ఆ నెలంతా ఆయన నడకలో హుషారు మాత్రం కోట దొరికిన మనిషిదే.

ఆ ప్లాన్ల కాగితాలు పట్టుకుని సారు ఎన్ని ఆఫీసులు తిరిగారో ఆయనకే తెలియాలి. చివరకు గోదాములు కాస్త అవతలికి జరిగాయి. ఆవరణలున్న మూల మిగిలింది. దాన్ని తెరిచి ఉంచితే వానకు పాడవుతుంది గనక, ఇసుక పోసి, మట్టి కప్పి, గడ్డి వేశాం. కప్పే రోజున సారు బాపుని అడిగారు, సందులు మూసి కప్పుదామా, తెరిచే ఉంచుదామా అని. నేను ఆయన మొహమే చూస్తున్నాను. "ఆయన తెరిసిపెట్టిండు. మనం మూసుడేంది సారూ" అన్నాడు బాపు. తెరిచి ఉన్నదాన్ని తెరిచి వదలడం ఆయన జీవితంలో అదొక్కసారే అనుకుంటాను.

ఆ తవ్వకాల మీద సారు పుస్తకం అచ్చయి వచ్చేసరికి 2013 అయింది. ఆ సందులు దారులని గుర్తించినది పాల్మాకుల కాపరి అని అందులో ఒక వాక్యం ఉంది. పేరు వేస్తామని సారు అంటే ఈయనే వద్దన్నాడు. "కాపరి అని రాయిండ్రి. అప్పటాయనక్కూడ జెందుతది" అన్నాడట. అందుకే నేనూ ఇక్కడ పేరు రాయడం లేదు.

పుస్తకం ఇవ్వడానికి నేనే వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు, కోడలు కసిరి కూర్చోబెట్టింది. నా ప్లాను ఉన్న పేజీ తీసి చూపించాను. అరచేత్తో తుడిచి, ఇరవై మూడు రాళ్ల మీదా వేలు నడిపించాడు. అన్నీ ఉన్నాయి. బాగున్నదని తలూపాడు. అప్పుడు చెప్పేశాను. మూడేళ్లుగా గొంతులో ఉన్నది ఒక్కసారిగా వచ్చింది. "బాపూ, ఆ శనివారం నేను గీయలేదు. గీశానని అబద్ధం చెప్పాను. మిమ్మల్ని నావల్లే పంపించేశారు."

ఆయన నవ్వాడు. "నాకెరుక గాదా? శనివారం నువ్వు పెన్సిల్ చెక్కి సంచిల ఏసుకున్నవ్. చట్రం సంచి మూతి గూడ ఇప్పలే. నేను గాడ్నే ఉన్న."

"మరి సారుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమయితుండె? ఇద్దరం పోదుం. నేను పోతే ఒక తట్ట తక్కువైతది. నువ్వు పోతే గవి గీసెటోళ్లెవలు బిడ్డా?" అన్నాడు. "నీ చెయ్యి మంచిది. జెర ఒళ్లు బద్ధకం, గంతే."

కోడలు లోపలి నుంచి పకపకా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ మంచం పక్కనే కూర్చుని సారుకు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన కరీంనగర్ వైపు ఇంకో తవ్వకంలో ఉన్నారు. మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయన అక్కడే ఉన్నారా? ఒకసారి ఫోన్ ఇవ్వండమ్మా" అన్నారు.

ఇచ్చాను. సారు ఏమంటున్నారో నాకు వినపడలేదు. చాలాసేపు మాట్లాడారు. బాపు మంచం మీద నిటారుగా కూర్చుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే తలూపుతూ విన్నాడు.

"గట్లనకుండ్రి సారూ. మీ గుంట, మీ కోపం. మనసుల పెట్టుకుంటనా?" అన్నాడు చివరికి. "గని ఒక్క ముచ్చట. గాడ గూడ రాళ్లు బయటపడ్డయంటున్నరు గద. మోకాళ్లు నొస్తున్నయి గని చేతులు మంచిగనే ఉన్నయి."

వారం తిరగకముందే సారు జీపు పంపారు.